పాల్ ఎర్లిక్

ఒక మందు రోగమును తప్పక కుదిర్చినచో అది రామబాణమువలె పనిచేసినదని మనవారందురు. రాముడు విడిచిన బాణము గురి తప్పదు. ఎవరిని కొట్టవలెనో వారినే కొట్టును. ప్రక్కనున్నవారి జోలికి పోదు. ఈ పోలిక మన భాషలో ఏనాటినుండియో కలదు. కాని మందునకు నిజముగా ఒక గురి ఉండవలెననియు, ఆ గురి యెట్టిదో తెలిసిననే గాని సరియైన మందు దొరకదనియు తలచి, ఆ తలంపును పట్టుకొని జీవితమంతయు ప్రయోగశాలలో గడిపినవాడు జర్మనీ దేశపు వైద్యుడు పాల్ ఎర్లిక్. ఆయనకును ఇట్టి పోలికయే తోచెను. ఆ దేశపు కథలలో మంత్రించిన తుపాకిగుండు ఒకటి కలదు. అది తన గురిని తానే వెదకుకొని పోవును. రోగక్రిములను మాత్రమే చంపి రోగిని బాధింపని మందును ఆయన ఆ గుండుతో పోల్చెను.

ఎర్లిక్ 1854వ సంవత్సరము మార్చి 14వ తేదీన స్ట్రేలెన్ అను చిన్న పట్టణమున ఒక యూదు కుటుంబములో జన్మించెను. ఆ పట్టణము నాడు ప్రష్యా రాజ్యమున సైలీషియా సీమలో నుండెను. నేడది పోలండు దేశములోనిది. తండ్రి సత్రము నడుపుచు, ప్రభుత్వ లాటరీ సొమ్ము వసూలు చేయుచుండెను. చదువునకు లోటులేని సంసారము. బాలుడు లెక్కలయందును లాటిను భాషయందును చురుకైనవాడే గాని వ్యాసరచన యన్నచో వానికి గిట్టెడిది కాదు. ఒక పరీక్షలో జీవితము ఒక కల యను విషయమును గూర్చి వ్యాసము వ్రాయుమనిరి. పాల్ వేదాంతము జోలికి పోక, జీవితమనగా శరీరములో జరుగు ఒక విధమైన మంట యనియు, కల యనగా మెదడులో భాస్వరమువలె మెరయు వెలుగనియు వ్రాసెనట. గురువులకు అది రుచింపలేదు.

అతని తల్లివైపు బంధువు కార్ల్ వైగర్ట్ అను నాతడు పాల్ కంటె తొమ్మిదేండ్లు పెద్దవాడు. అతడు వైద్యశాస్త్రము చదివి, శరీరపు పొరలకును సూక్ష్మజీవులకును అద్దకపు రంగులు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. ఆ కాలమున జర్మనీలో బొగ్గుతారు నుండి కొత్తకొత్త రంగులను తీయు కర్మాగారములు వెలసెను. వైగర్ట్ ఆ రంగులను పాల్‌నకు చూపెను. అదే ఆ బాలుని జీవితమునకు త్రోవ చూపినది.

పిమ్మట ఎర్లిక్ బ్రెస్లా, స్ట్రాస్‌బుర్గ్, ఫ్రైబుర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయములలో వైద్యము చదివెను. ఉపన్యాసములకు సరిగా పోవువాడు కాడు. స్ట్రాస్‌బుర్గ్‌లో ఆతడు కూర్చుండు బల్ల ఎరుపు, నీలము, పసుపు మరకలతో నిండియుండెడిది. ఆచార్యుడు వాల్డేయర్ ఆ బల్లను చూచి కోపింపక, ఆ కుర్రవానిని తన దారిని తాను పోనిచ్చెను. అది ఎర్లిక్ అదృష్టమని చెప్పవలెను. విద్యార్థిగా నున్నప్పుడే ఆతడు శరీరములో ఒక కొత్త జాతి కణములను రంగుల సాయమున గుర్తించెను. అవి నేడు మాస్ట్ కణములని ప్రసిద్ధి కెక్కినవి.

ఆ దినములలోనే ఎర్లిక్ సీసము వలన కలుగు విషబాధను గూర్చి ఒక వ్యాసము చదివెను. సీసము శరీరములోనికి పోయిన పిదప అన్ని అవయవములలోను సమానముగా చేరదు. కొన్నిట హెచ్చుగను, కొన్నిట తక్కువగను నిలుచును. ఈ సంగతి ఆతని మనస్సున నాటుకొనెను. సీసము ఎక్కడ చేరినదో కంటికి కనబడదు. రంగులైనచో కనబడును. పట్టునకు పట్టిన రంగు నూలునకు పట్టదని మన అద్దకపు పనివారికి తెలియును. అట్లే ఒక రంగు ఒక కణమునకు పట్టి, దాని ప్రక్కనున్న మరియొక కణమునకు పట్టకుండుట ఎర్లిక్ కన్నులార చూచెను. ఎందుచేత? ఆ కణములో ఆ రంగును పట్టుకొనునది ఏదో ఉండవలెను. ఈ ప్రశ్న ఆయనను మరి విడువలేదు.

1878లో ఎర్లిక్ వైద్యపట్టము పొంది బెర్లిను నగరమున షారిటే ఆసుపత్రిలో ఫ్రెరిక్స్ అను వైద్యునివద్ద చేరెను. అక్కడ రక్తమునకు రంగులు వేసి తెల్లకణములు ఒకే జాతివి కావనియు, వానిలో తరగతులు కలవనియు తేల్చెను. నేడు మన ఊరి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి యిచ్చు కాగితముపై ఇన్ని వంతులు ఈ కణములు, ఇన్ని వంతులు ఆ కణములు అని వ్రాసియుండుట ఆనాటి పని ఫలమే.

1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కాక్ బెర్లినులో క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొంటినని ప్రకటించెను. సభలో నున్న ఎర్లిక్ ఇంటికి పోక నేరుగా ప్రయోగశాలకు పోయి, ఆ క్రిమికి ఇంకను బాగుగా రంగు పట్టించు మార్గమును వెదకసాగెను. రంగు వేసిన గాజుపలకలను ఆరుటకై చల్లారిన ఇనుపపొయ్యిపై నుంచి రాత్రి వెడలిపోయెను. తెల్లవారి పనికత్తె అది చూడక పొయ్యి రాజేసెను. ఎర్లిక్ వచ్చి, పని చెడినదని గుండె బాదుకొనుచు పలకలను పరికింపగా, వేడి తగిలిన పలకలలో క్షయక్రిములు మునుపెన్నడును లేనంత స్పష్టముగా కనబడెనట. కొన్ని యేండ్లకు ఆ పద్ధతితోనే తన కఫములో క్షయక్రిములను తానే చూచుకొనవలసి వచ్చెను. 1883లో హెడ్విగ్ పింకుస్ అను నామెను వివాహమాడిన ఎర్లిక్, భార్యతో గూడ ఈజిప్టు దేశపు పొడిగాలికి పోయి, కొంతకాలముండి, 1889లో స్వస్థుడై తిరిగివచ్చెను.

ఆయన మరల చేతబట్టిన పని యేదనగా, రంగులను మందులుగా వాడుట. మిథిలీన్ బ్లూ అను నీలిరంగు మలేరియా క్రిములకు గట్టిగా పట్టుననుట తెలిసిన విషయమే. క్రిమికి పట్టిన రంగు క్రిమిని చంపకూడదా యని ఎర్లిక్ ఆలోచించెను. 1891లో గుట్‌మాన్ అను వైద్యునితో కలిసి ఇద్దరు మలేరియా రోగులకు ఆ రంగును ఇచ్చిచూడగా వారికి గుణము కనబడెను. కర్మాగారములో తయారైన రంగు ఒక అంటురోగమునకు మందుగా పనిచేయుట లోకము అప్పుడే చూచెను. కాని క్వినైనును మించినదిగా దానిని చేయవలెనన్నచో, దానివంటి రంగులు అనేకములను పరీక్షింపవలెను. మనుష్యులపై అట్టి పరీక్షలు చేయరాదు. జంతువులపై చేయుదమన్న, మనుష్యుల మలేరియాను ప్రయోగశాలలోని జంతువులకు అంటించుట నాడు సాధ్యము కాలేదు. పరీక్షకు తగిన జంతువు లేక ఆ పని అక్కడ నిలిచిపోయెను. ఈ ఆటంకమును గుర్తుంచుకొనవలెను; ముందు కథ దీనిపైననే ఆధారపడియున్నది.

తరువాతి పది పదిహేనేండ్లు డిఫ్తీరియా రోగమునకు విరుగుడైన గుర్రపు రక్తరసముతో గడచెను. దానిని కనిపెట్టినవాడు బేరింగ్. కాని ఒక గుర్రపు రసము బలముగను, మరియొకదానిది నీరసముగను ఉండుటచే వైద్యులు చిక్కుపడుచుండిరి. ఆ బలమును కొలిచి, అందరకు ఒకే ప్రమాణము నేర్పరచినవాడు ఎర్లిక్. ఈ పనిలోనే ఆయన 1897లో తన ప్రసిద్ధ సిద్ధాంతమును వెలువరించెను. ప్రతి కణమునకును ప్రక్కల అతిసూక్ష్మమైన కొక్కెముల వంటి భాగములుండును. ఆహారము ఆ కొక్కెములకు తగులుకొని లోనికి పోవును. రోగవిషమును అట్లే ఏదో ఒక కొక్కెమునకు అమరిననే గాని హాని చేయజాలదు. తాళపుచెవి తన తాళములో మాత్రమే తిరిగినట్లు. ఈ కొక్కెములను తరువాత గ్రాహకములని పిలిచిరి. వివరములలో ఎర్లిక్ ఊహించినవన్నియు నిలువలేదు గాని, గ్రాహకమన్న భావము నిలిచెను. 1899లో ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున కొత్తగా నిర్మించిన పరిశోధనాలయమునకు అధ్యక్షుడయ్యెను. 1908లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞునితో కలిసి నోబెల్ బహుమానము పొందెను. సామాన్యుడైనచో అంతటితో తృప్తిపడి యుండును. ఎర్లిక్ మనస్సు మాత్రము ఆ నీలిరంగు పైననే యుండెను.

రోగవిషమునకు శరీరము తానే విరుగుడు చేసికొనగలదు. కాని ఆ విధముగా విరుగుడు చేసికొనలేని రోగములు అనేకములున్నవి. వాటికి మనుష్యుడే రసాయనమును కల్పింపవలెను. ఆ రసాయనము క్రిమిలో ఏదో ఒక కొక్కెమునకు తగులుకొనవలెను. అదే కొక్కెము మన కణములలో ఉండరాదు, ఉన్నను దానిని అంతగా పట్టుకొనరాదు. ఇది ఎర్లిక్ ఊహ. అట్టి కొక్కెము ఎచ్చట నున్నదో కంటితో చూచుటకు నాడు సాధనము లేదు. కనుక మార్గమొక్కటియే: ఒకదాని వెనుక ఒకటిగా పదార్థములను చేయుచు, రోగము అంటించిన జంతువులపై పరీక్షించుచు పోవుట.

ఈ సారి జంతువు దొరకినది. నిద్రరోగము మొదలగు వ్యాధులను కలిగించు ట్రిపనోసోము లను క్రిములు చుంచెలుకలలో పెరుగునని ఇతరులు కనుగొనిరి. జపాను దేశమునుండి వచ్చిన కియోషి షిగా అను వైద్యుడు ఎర్లిక్‌నకు తోడయ్యెను. చుంచులకు క్రిములను ఎక్కించుటయు, ఒక్కొక్క రంగును ఇచ్చిచూచుటయు వారి పని. మందు పడని చుంచు కొలది దినములలో చచ్చును. ఒక ఎర్ర రంగు చుంచులను కొంతవరకు రక్షించునని గమనించి, దాని నిర్మాణమును కొద్దిగా మార్పించి, 1904లో ట్రిపాన్ రెడ్ అను మందును ప్రకటించిరి. అది చుంచులను కాపాడినది. పెద్ద జంతువులకు మాత్రము పనికిరాలేదు. ఈ పరిశోధనలలో మరియొక వింత బయటపడెను. మందు చాలీచాలక ఇచ్చినచో, చావక మిగిలిన క్రిముల సంతతి ఆ మందునకు లొంగక పోవుచుండెను. ఆ క్రిములలో కొక్కెము మారిపోయినదనియు, అందుచే మందు తగులుకొనలేక జారిపోవుచున్నదనియు ఎర్లిక్ గ్రహించెను. ఓటమిలోనే ఆయనకు తన సిద్ధాంతమునకు సాక్ష్యము లభించెను. మందునకు లొంగని క్షయ, లొంగని మలేరియా అని నేడు మనము వినుచున్న మాటలకు మొదలు అక్కడ కలదు.

1906లో ఫ్రాన్సిస్కా స్పైయర్ అను ధనిక వితంతువు తన భర్త పేర ఇచ్చిన ధనముతో ఎర్లిక్‌నకు ఒక కొత్త పరిశోధనశాల ఏర్పడెను. దాని పేరు గేయోర్గ్ స్పైయర్ భవనము. రసాయనములచే రోగము కుదుర్చుటయే దాని ఏకైక కార్యము. పరిశోధనకు ఓర్పు, నేర్పు, ధనము, అదృష్టము నాలుగును కావలెనని ఎర్లిక్ చెప్పుచుండెడివాడు. ధనము సమకూడినది. ఓర్పు ఆయనకు పుట్టుకతో వచ్చినది.

ఆయన వాలకము చూచినవారు ఇంతటి కార్యమును ఈయన నడుపుచున్నాడని నమ్మెడివారు కారు. సన్నని మనిషి, కండ్లజోడు, నోట ఎప్పుడును చుట్ట. దినమునకు ఇరువదికి పైగా చుట్టలు కాల్చుచు, చుట్టల పెట్టె చంకలో పెట్టుకొని తిరుగుచుండెను. ఈ అలవాటు మాత్రము ఎవరికిని అనుకరణీయము కాదు. ఆయన గదిలో కుర్చీలపైనను సోఫాపైనను పుస్తకములే; వచ్చినవాడు కూర్చుండుటకు చోటుండెడిది కాదు. ప్రతి ఉదయమును రంగురంగుల చిన్న అట్టలపై ఏ సహాయకుడు ఏ పని చేయవలెనో వ్రాసి పంపెడివాడు. తీరిక దొరకినచో అపరాధపరిశోధక కథలు చదివెడివాడు. జాడలు పట్టుకొని దొంగను వెదకుట ఆయన వృత్తికిని దగ్గరి విద్యయే గదా!

అప్పట్లో ఆటాక్సిల్ అను పదార్థము వైద్యుల దృష్టి నాకర్షించెను. అది ఆర్సెనిక్, అనగా పాషాణము, కలసిన పదార్థము. దాని పేరునకు విషము లేనిదని యర్థము. అది నిద్రరోగ క్రిములను చంపునని 1905లో లివర్‌పూలు వైద్యులు చూపిరి. కాని దానిని ఎక్కువగా పుచ్చుకొన్న రోగులలో కొందరి చూపు పోయెను. గురి కొంత తగిలినది, ప్రక్కవానికిని తగిలినది! ఆటాక్సిల్ నిర్మాణము ఒక విధముగా నున్నదని అందరును నమ్మియుండిరి. అదే నిజమైనచో దానిని మార్చుటకు వీలులేదు. ఎర్లిక్ అది తప్పని పట్టుపట్టెను. ఆయన రసాయనశాస్త్రజ్ఞులలో కొందరు ఒప్పుకొనక పని మానుకొని పోయిరి. ఆల్ఫ్రెడ్ బెర్ట్‌హైమ్ అను నాతడు నిలిచి, ఎర్లిక్ చెప్పినదే నిజమని 1907లో రుజువు చేసెను. ఇక దానిని ఎన్ని విధములుగానైనను మార్చవచ్చును.

బెర్ట్‌హైమ్ కొత్త పదార్థములను చేసి యిచ్చుచుండెను. ప్రతిదానికి ఒక అంకె. ప్రతిదానికిని రెండు కొలతలు తీయవలెను: జంతువు చావక ఓర్చుకొనగల అత్యధిక మోతాదు ఎంత, రోగమును పోగొట్టు అత్యల్ప మోతాదు ఎంత. ఈ రెంటి నడుమ దూరము ఎంత హెచ్చుగా నున్నచో మందు అంత మంచిది. ఓర్చుకొను మోతాదును, కుదుర్చు మోతాదును ఒక్కటియే అయినచో ఆ మందు రోగముతో గూడ రోగిని తీసికొనిపోవును. నూర్లకొలది సీసాలు ఈ విధముగా పరీక్షకు వచ్చి, పోయి, అలమారులలో నిలిచెను. వాటిలో 606వ అంకె గల పసుపుపచ్చని పొడి 1907 ప్రాంతమున తయారయ్యెను. దానిని పరీక్షించిన సహాయకుడు అది పనికిరాదని వ్రాసెను. సీసాను ప్రక్కన పెట్టిరి.

ఇంతలో మరియొక వైపున వేరొక కథ నడచుచుండెను. సిఫిలిస్ అను భయంకర వ్యాధి అప్పటికి నాలుగు వందల యేండ్లుగా ఐరోపాను పీడించుచుండెను. మన ప్రాంతములలో దీనిని సవాయి అందురు. ఇది ఒకరినుండి ఒకరికి అంటుకొనును; తల్లినుండి గర్భములోని శిశువునకు సంక్రమించును; ఏండ్లు గడచిన పిమ్మట మెదడును గుండెను చెరచును. పాదరసము తప్ప మందు లేకుండెను. అది రోగముకంటె మేలైనదని చెప్పజాలము. 1905లో షాడిన్, హాఫ్‌మాన్ అనువారు దీని క్రిమిని, సన్నని మరచుట్టువంటిదానిని, కనుగొనిరి. ఆ క్రిమి ట్రిపనోసోములను పోలియుండవచ్చునని హాఫ్‌మాన్ ఎర్లిక్‌నకు సూచించెను. జపానులో కిటసాటో శిష్యుడు సహచిరో హతా అను నాతడు ఆ రోగమును కుందేళ్లకు అంటించుటలో ఆరితేరెను. 1909లో హతా ఫ్రాంక్‌ఫర్ట్‌నకు వచ్చెను.

ఎర్లిక్ ఆతనికి అప్పగించిన పని విచిత్రమైనది. పనికిరావని తేల్చిన సీసాలను గూడ విడువక, మొదటినుండి అన్నిటిని మరల పరీక్షింపవలెను. చేసిన పనిని మరల చేయుట ఎవరికిని ప్రీతికరము కాదు. హతా విసుగు చెందక ఒక్కొక్క సీసాను తెరచి, ఒక్కొక్క కుందేటికి పోటు పొడిచి, ప్రతిదానిని లెక్కలో వ్రాసెను. ఆ యేడు ఆగష్టు చివర 606వ సీసా వంతు వచ్చెను. మందు ఎక్కించిన మరునాడు కుందేటి పుండులో ప్రాణమున్న క్రిమి ఒక్కటియు కనబడలేదు. కొన్ని వారములలో పుండ్లు మానిపోయెను. రెండేండ్లు అలమారులో పడియున్న సీసాలోనే వారు వెదకుచున్న గుండు ఉండెను! 605 ఓటముల పిమ్మట 606వ ప్రయత్నము ఫలించినదని లోకమున చెప్పుకొందురు. నిజమట్లు కాదు. మందు ముందే చేతికి వచ్చినది. పరీక్ష తప్పినందున అది మందని తెలియలేదు. మొదటి పరీక్ష చేసినవానినే నమ్మి ఊరకున్నచో ఆ సీసా ఏమై యుండునో చెప్పలేము.

ఎర్లిక్ తొందరపడలేదు. కుక్కలపై, ఇతర జంతువులపై మరల పరీక్షలు జరిగెను. ఆల్ట్ అను వైద్యునివద్ద పనిచేయు ఇద్దరు యువవైద్యులు ఆరోగ్యవంతులై యుండియు, తమకే మొదట ఆ మందు ఎక్కించుడని ముందుకు వచ్చిరి. వారికి హాని కలుగలేదు. పిమ్మటనే రోగులకు ఇచ్చిరి. 1910 ఏప్రిల్ 19వ తేదీన వీస్‌బాడెన్ నగరమున వైద్యుల మహాసభలో ఎర్లిక్, హతా ఈ ఫలితములను ప్రకటించిరి. మాట మింగలేక మంచమునుండి లేవలేక యున్నవారు కొలది దినములలో అన్నము తినుచున్నారన్న వార్త దేశదేశముల వ్యాపించెను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వైద్యులు గుంపులు కట్టిరి. వెంటనే అమ్మకమునకు పెట్టినచో కోట్లు వచ్చును. ఎర్లిక్ అందులకు సమ్మతింపక, సుమారు 65,000 మోతాదులను నమ్మకమైన వైద్యులకు ఉచితముగా పంపి, ఫలితములను వ్రాసి తెలుపుమని కోరెను. 1910 చివరనే అది సాల్వర్సాన్ అను పేర హేష్ట్ కంపెనీవారి ద్వారా అంగడికి వచ్చెను.

కష్టములును అప్పుడే మొదలయ్యెను. ఈ పొడికి గాలి తగిలినచో విషముగా మారును. కనుక గాలి తీసివేసిన గాజుగొట్టములలో మూసి పంపవలసి వచ్చెను. వైద్యుడు దానిని అప్పటికప్పుడు నీటిలో కరగించి, ఘాటు విరుగగొట్టి, జాగ్రత్తగా ఎక్కింపవలెను. కొందరు నిలువయున్న నీటితో కలిపిరి. కొందరు మోతాదు తప్పిరి. కొందరు రోగులు ఎంత జాగ్రత్త పడినను ఓర్చుకొనలేకపోయిరి. మరణములు సంభవించెను. ఎర్లిక్ ఆ మరణములను కప్పిపుచ్చలేదు. ప్రతి దుర్ఘటనను గూర్చి ఉత్తరములు వ్రాసి, మోతాదెంత, నీరెట్టిది, రోగి స్థితి యేమి యని విచారించి, వైద్యులకు కొత్త హెచ్చరికలు పంపుచుండెను. కరగుటకు సులభమైన 914వ పదార్థమును 1912లో తెచ్చెను. ఐనను గిట్టనివారు ఊరకుండలేదు. మందు పేర ధనము గడించుచున్నాడనిరి, యూదుడని దూషించిరి. ఒక పత్రికా సంపాదకుడు ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో రోగులకు బలవంతముగా ఈ మందు ఎక్కించుచున్నారని వ్రాసెను. 1914లో వ్యవహారము న్యాయస్థానమునకు పోయెను. ఎర్లిక్ సాక్షిగా నిలువవలసి వచ్చెను. ఆ సంపాదకునకు ఒక సంవత్సరము కారాగార శిక్ష పడెను. తీర్పు ఎర్లిక్ పక్షమున వచ్చినను ఆయన ఆరోగ్యము మరి కోలుకొనలేదు.

ఆ ఆగష్టులోనే మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. యుద్ధసేవకు పిలుపు వచ్చిన బెర్ట్‌హైమ్ మెట్లపైనుండి పడి మరణించెను. ఇంగ్లండు, ఫ్రాన్సు, జపానులలోని మిత్రులతో ఉత్తర ప్రత్యుత్తరములు నిలిచిపోయెను. ఏడాది చివర ఎర్లిక్‌నకు స్వల్పముగా పక్షవాతము తగిలెను. 1915 ఆగష్టు 20వ తేదీన, తన అరువది రెండవ యేట, విశ్రాంతికై పోయిన హోంబుర్గ్ పట్టణమున ఆయన మరణించెను.

సాల్వర్సాను మూడు దశాబ్దములు వాడుకలో నుండి, 1940ల తరువాత పెన్సిలినునకు చోటిచ్చెను. దాని నిర్మాణమును గూర్చి ఎర్లిక్ తలచినది సరికాదనియు, అది వలయాకారముగల అణువుల మిశ్రమమనియు 2005లో న్యూజిలాండు శాస్త్రజ్ఞులు తేల్చిరి. నిర్మాణము తప్పినను పద్ధతి మిగిలెను. మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడుపు కాలమున, బోదకాలు జాతి క్రిములు గల ఎలుకలపై పదార్థములను వరుసగా పరీక్షించియే 1947లో హెట్రజాన్ అను మందును వెలువరించిరి. మన జిల్లాలలో బోదకాలు నివారణకై ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రలు అవియే. నేడు పరిశోధకులు క్రిమిలోనో, పుట్టకురుపు కణములోనో ఉన్న ఒక్క మాంసకృత్తును గురిగా ముందే ఎంచుకొని, దానిని వేరుచేసి, చిన్నచిన్న గుంటలుగల పలకలలో పోసి, యంత్రములచేత ఒక్క దినమున లక్ష పదార్థములను సయితము దానిపై పరీక్షింపగలరు. ఒక జాతి రక్తపు కాన్సరులో మాత్రమే కనబడు మాంసకృత్తునకు తగులుకొను ఇమాటినిబ్ అను మందు ఇట్టి వెదకులాటలోనే పుట్టి, 2001లో అమెరికాలో అనుమతి పొందెను. గురిని కంటితో చూడని ఎర్లిక్ దినమునకు కొలది చుంచులతో చేసిన పని అదే.

ఫ్రాంక్‌ఫర్ట్ పౌరులు 1910లో ఆయన బ్రతికియుండగనే ఒక వీధికి ఆయన పేరు పెట్టిరి. నాజీల ప్రభుత్వము వచ్చిన పిమ్మట, యూదుని పేరని ఆ పలకను తొలగించిరి. వృద్ధురాలైన హెడ్విగ్ దేశము విడిచి పోవలసి వచ్చెను. యుద్ధము ముగిసిన తరువాత వీధికి మరల పాత పేరే వచ్చెను. 1990ల నాటి జర్మనీ 200 మార్కుల నోటుపై ఆయన బొమ్మను అచ్చువేసిరి. ఫ్రాంక్‌ఫర్ట్‌నకు సమీపమున లాంగెన్ పట్టణములోని ప్రభుత్వ పరిశోధనాలయము ఆయన పేరనే యున్నది. జర్మనీలో ప్రజలకు వేయు టీకాలను రక్తరసములను ముందుగా పరీక్షించి, బలము కొలిచి, సరియైనవానికి అనుమతి యిచ్చుట ఆ సంస్థ పని.